మూడుసార్లు వచ్చిన నీలం

మొన్న మా వీధిలో రోడ్డు పనికని లారీలో ఎర్ర గరుసు తెచ్చి, సరిగ్గా మా గేటు ముందే కుమ్మరించి పోయారు. బండి తియ్యడానికి దారి లేదని మా అబ్బాయి చిందులు తొక్కుతుంటే, నేను వరండాలో కుర్చీ వేసుకుని వాన కోసం చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి నాలుగు చినుకులు పడ్డాయి. తడిసిన గరుసు వాసన లేచింది. తుప్పు పట్టిన గొలుసు పట్టుకుంటే అరచేతికి అంటే వాసనకూ, మట్టి వాసనకూ మధ్యన ఉంటుందది. ఎనభై దాటిన నా ముక్కుకు కూర మాడినా తెలియడం లేదు గానీ, ఈ వాసన మాత్రం తిన్నగా లోపలికి పోయి అరవై ఏళ్ళ కిందటి లాబొరేటరీ తలుపు తీసింది. అక్కడ మూరెడు గాజు గొట్టంలో ఎర్ర గరుసు నింపి, దాని కొస నుంచి రాలే చుక్కలకేసి రెప్ప వెయ్యకుండా చూస్తూ గ్రేసమ్మ గారు నిలబడి ఉన్నారు.

గ్రేసమ్మ గారు నెల్లూరులో మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్. అరవైల మొదట్లో నేను ఆవిడ కింద డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. అప్పటికి ఆవిడకు నలభై అయిదు దాటి ఉంటాయి. మిషన్ స్కూల్లో పనిచేసిన పంతులు గారి కూతురు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం నెల్లూరులో ఎవరికీ లేదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆవిడే, సోమవారం లాబులో మమ్మల్ని ఎత్తి కుదేసేదీ ఆవిడే. గొంతు ఒక్కటే, రాగం వేరు. మనిషి పొడుగు, నడక వేగం. ఆవిడ నవ్వితే పక్క గదిలో ఫిజిక్స్ వాళ్ళు పాఠం ఆపి వినేవారు. ఆవిడంటే నాకు మొదట భయం, తర్వాత కోపం, ఆ తర్వాత ఇష్టం. ఆ ఇష్టం ఇప్పటికీ ఉంది.

చేరిన రోజే నన్ను ఆవిడ అడిగింది డిగ్రీ మార్కులు కాదు. "సుశీలా, మీ ఊరి నీళ్ళు ఒక సీసాలో పట్టుకురా" అన్నారు. మాది తోటపల్లి గూడూరుకు అవతల, రాత్రిపూట సముద్రం హోరు వినపడే ఊరు. మా బావి నీళ్ళు తెచ్చి ఇచ్చాను. అందులో రెండు చుక్కలు సిల్వర్ నైట్రేటు వేసేసరికి నీళ్ళు విరిగిన పాలలాగా అయిపోయాయి. మా ఇంటి నీళ్ళకు అవమానం జరిగినట్టు నా ముఖం మాడిపోయింది. ఆవిడ మాత్రం ఆ ట్యూబును వెలుతురులో తిప్పి తిప్పి చూశారు.

"చూసినావా, ఎంత ఉప్పు ఉండాదో. నీళ్ళలో లోహం ఉండాదా అని అందరూ అడుగుతారు. ఆ లోహం ఎవరితో కలిసి వచ్చిందని ఎవరూ అడగరు. ఏ క్లోరైడుతో వచ్చింది, ఏ సల్ఫేటుతో వచ్చింది. అది అడగకపోతే సగం తెలిసినట్టే."

నేను తల ఊపి నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ మాట చెప్పిన మనిషే ఒకసారి ఆ ప్రశ్న అడగడం మరిచిపోయారు. ఆవిడ అడగనిది ఒకటి, నేను చెప్పనిది ఒకటి. ఆ రెండూ కలిసి ఒక ఊళ్ళో నాలుగు ఇళ్ళను దాదాపు లేపేశాయి. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మా ఊరి చివర కంచరి వాళ్ళవి నాలుగు ఇళ్ళు ఉండేవి. వీరాచారి, ఆయన ముగ్గురు తమ్ముళ్ళు. ఇత్తడి బిందెలు, చెంబులు చేసేవాళ్ళు. అంతకు ముందైతే చుట్టుపక్కల పది ఊళ్ళకు సరిపడా పని చేసుకునేవాళ్ళు గానీ, ఆ ఏడు నెల్లూరు కొట్లవాళ్ళు బిందెలు ఎన్నయినా ఇమ్మన్నారు. పొద్దస్తమానం సుత్తి చప్పుడే. వాళ్ళ పెరట్లో బిందెలు కడిగిన నీళ్ళు ఒక పిల్ల కాలువలో పడి, కింద ఉన్న మా నాయన నారుమడికి వచ్చేవి. ఆ ఏడు నారు జానెడు కూడా లేవకుండానే పసుపుపచ్చగా తిరిగి, వేళ్ళు ముడుచుకుపోయింది.

"తెగులు గాదు, పురుగు గాదు" అన్నాడు మా నాయన, ఆదివారం నేను ఇంటికి పోయినప్పుడు. "పైన ఆచారి పెరట్లో నించి వచ్చే నీళ్ళే ఏందో చేస్తుండాయి. నువ్వు చదువుకున్నావు గదా, అదేందో చూసి చెప్పు."

నాయన నన్ను ఒక విషయం చూసి చెప్పమనడం అదే మొదటిసారి. నాకు రెక్కలు వచ్చినట్టయింది. సీసా నింపుకుని సోమవారం లాబుకు తెచ్చాను. రాగిని పట్టుకోవడానికి మా దగ్గర పొటాషియం ఫెర్రోసయనైడ్ అనే లేత పసుపు మందు ఉండేది. మంచి నీళ్ళలో వేస్తే ఆ లేత పసుపే మిగులుతుంది. రాగి ఉంటే కాఫీ డికాక్షను రంగు తిరుగుతుంది. మా కాలువ నీళ్ళు చిక్కటి డికాక్షను అయ్యాయి. ఆ వారమే ఇంటికి ఉత్తరం రాసిపడేశాను, నీళ్ళలో రాగి ఉంది, నారు పోయింది దానివల్లేనని. నాయన ఆ ఉత్తరం పట్టుకుని పంచాయతీకి పోయాడు. ప్రెసిడెంటు గారు దాన్ని పైకి చదివారు. కొలిమి ఆర్పెయ్యాలి, లేకపోతే నాలుగు ఇళ్ళూ ఊరు వదిలి పోవాలి అని తీర్మానం అయింది.

ఈ సంగతి నేను ఏదో ఘనకార్యం చేసినట్టు గ్రేసమ్మ గారికి చెప్పాను. ఆవిడ బ్యూరెట్టు కడుగుతున్నారు. కడగడం ఆపారు.

"రాగి ఉండాదని రాసేసి ఊరుకున్నావా?"

"ఉంది గదా మేడం. అబద్ధం రాయలేదు."

"నిజమే రాసినావు. ఆ నిజంతో నాలుగు పొయ్యిలు ఆరిపోతుండాయి. రాగి ఉండాదని చెప్పినదానివి, దాన్ని ఎట్టా ఆపాలో కూడా చెప్పాల్సింది నువ్వే. సగం చెప్పి చేతులు కడుక్కుంటే ఎట్టా?"

నాకు చర్రున కోపం వచ్చింది. అప్పటికి మూడు నెలలుగా ఆవిడ చేత తిట్లు తింటున్నాను. ఇది మాత్రం అన్యాయమనిపించింది. కానీ ఆ శనివారం ఆవిడే గొడుగు పట్టుకుని బస్సెక్కి మా ఊరికి బయలుదేరేసరికి, నోరు మూసుకుని వెనక నడిచాను.

వీరాచారి కొలిమి దగ్గర నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, చేతులు మాత్రం రోకళ్ళు. ఉత్తరం రాసింది నేనేనని ఆయనకు తెలుసు. అయినా నన్ను ఒక్క మాట అనలేదు, పీట తెచ్చి వేశాడు. ఆ పీట మీద కూర్చోవడం నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. గ్రేసమ్మ గారు అడిగారు.

"ఆచారి గారూ, మీరు పనిలో ఏమేం మందులు వాడతారు? ఒకటి గూడా వదలకుండా చెప్పండి."

"మందులేం లేవమ్మా. రాగి, తుత్తునాగం కరగబోస్తాం. అతుక్కి వెలిగారం. అంతే."

"కడగడానికి?"

"నీళ్ళమ్మా. నీళ్ళు గాక ఇంకేంది?"

ఆవిడ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. అక్కడ అబద్ధం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

తర్వాత రెండు వారాలు మా లాబులో పని జరిగిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. నీళ్ళలో కరిగిన లోహాన్ని కొన్ని ఖనిజాలు తమ పైపొరకు అంటిపెట్టుకుంటాయి. దాన్ని అధిశోషణం అంటారు. పేరు విని బెదిరిపోతే గ్రేసమ్మ గారు తేలిక చేసి చెప్పేవారు. "స్పాంజి నీళ్ళను లోపలికి తాగేస్తుంది. ఇది అట్టా గాదు. బీట్లో నడిచివస్తే చీరె కుచ్చిళ్ళకు పల్లేరుకాయలు అంటుకుంటాయి చూడు, అట్టా." ఏ ఖనిజం కుచ్చిళ్ళకు రాగి బాగా అంటుకుంటుందో వెతకాలి. మొదట గూడూరు నుంచి అభ్రకం పొడి తెప్పించారు, అక్కడ కోసి పారేసిన తుక్కు. అది కొంచెమే పట్టుకుంది. తర్వాత మెట్ట ప్రాంతపు ఎర్ర గరుసు. దాని ఒంటినిండా తుప్పు పొర. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, నీళ్ళలో కరిగించి ఆ గరుసు గుండా పోస్తే, పైన నెమలికంఠం రంగుతో పోసిన నీళ్ళు కింద మంచినీళ్ళలాగా తేటగా దిగాయి. మందు చుక్క వేశాం. లేత పసుపు. గ్రేసమ్మ గారి నవ్వుకు ఫిజిక్స్ పాఠం ఆగిపోయింది.

ఆవిడే పంచాయతీకి వచ్చి మాట ఇచ్చారు. ఆచారి అన్నదమ్ములు పెరట్లో నిలువు లోతు గుంట తవ్వారు. మూడు బండ్ల గరుసు దిగింది. కడిగిన నీళ్ళన్నీ ఆ గుంటలో నుంచి ఊరి పిల్ల కాలువలోకి పోవాలని ఏర్పాటు. మా నాయనకు నమ్మకం కుదరలేదు గానీ, చదువుకున్న ఆడమనిషి ఊరికి వచ్చి చెప్పిందని మర్యాదకు ఒప్పుకున్నాడు. దానిమీద రెండోసారి నారు పోశాడు, అదీ మొలకొలుకుల విత్తనం, ఇంట్లో దాచుకున్న చివరి గోతం.

ఇప్పుడు నా సంగతి. విత్తనం నానబెట్టడానికి ముందు, గుంట నుంచి దిగిన నీళ్ళు పరీక్ష చేసే పని నాకు అప్పగించారు. శనివారం మధ్యాహ్నం. నీళ్ళు వడకట్టి మందు వేశాను. లేత పసుపు రాలేదు, డికాక్షనూ రాలేదు. ముదురు నీలం వచ్చింది. ఇనుము ఉంటే ఆ మందు నీలం తిరుగుతుందని ఇంటర్మీడియట్ పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ముందురోజే మా క్లాసు అమ్మాయిలు అవే ట్యూబుల్లో ఇనుము ప్రాక్టికల్ చేశారు. సరిగ్గా కడిగి చావలేదని విసుక్కుని, ట్యూబు తోమి మళ్ళీ చేశాను. నీలం. ఇంకో ట్యూబు తీసుకుని మూడోసారి. మళ్ళీ నీలమే. బస్సు వేళ అయింది. చిత్తుకాగితం మీద "ట్యూబులు మురికి, మళ్ళీ చూడాలి" అని రాసుకున్నాను. గ్రేసమ్మ గారు గుమ్మంలో నుంచి "ఎట్టా ఉండాది?" అని అడిగితే, "బాగానే ఉంది మేడం" అన్నాను. బాగుండాలని నాకు అంత ఆశగా ఉంది మరి. ఆ నాలుగు ఇళ్ళు నా ఉత్తరం వల్ల లేచిపోకూడదని అంత ఆత్రం. ఆ తర్వాత మళ్ళీ చూడలేదు.

రెండో నారు కూడా పసుపు తిరిగింది. నాయన అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. "మీ టీచరమ్మ గుంటలో మన్ను పోసి మా నోట్లో గూడా మన్ను కొట్టింది" అన్నాడు. పంచాయతీ ఇంకా గట్టిగా కూర్చుంది. పదిహేను రోజులు గడువు. ఆ లోపల నీళ్ళు మంచివని రుజువు కాకపోతే ఆచారి అన్నదమ్ములు ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. వీరాచారి భార్య అప్పటికే తట్టలూ చేటలూ ఒకచోట చేర్చి కడుతోందని మా అమ్మ చెప్పింది.

సోమవారం లాబుకు పోయి, తలుపు దగ్గరే నిలబడి, చిత్తుకాగితం తీసి గ్రేసమ్మ గారి చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"నీలం ఎన్నిసార్లు వచ్చింది?"

"మూడుసార్లు మేడం."

"మూడుసార్లు వచ్చింది మురికి గాదు సుశీలా. మురికి ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. ఇది జవాబు. మనం ప్రశ్న తప్పు అడిగినాం, అంతే." కుర్చీ చూపించి, "కూర్చో. ఏడవాలంటే అయిదు నిమిషాలు ఏడువు. తర్వాత పని ఉండాది" అన్నారు. నేను ఏడ్చాను. అయిదు నిమిషాలకు ఆవిడ నిజంగానే గడియారం చూశారు.

నీలం అంటే ఇనుము. గుంటలో ఇనుము ఉన్నదల్లా గరుసు మీది తుప్పులోనే. అంటే ఆచారి పెరటి నీళ్ళు రాగిని గరుసుకు అంటుకోనివ్వకపోవడమే కాదు, గరుసు ఒంటి మీది తుప్పును కూడా గీకి పట్టుకుపోతున్నాయి. ఎందుకు? సముద్రం పక్క ఊరు గనక ఉప్పు అని మొదట అనుమానించాం. మైలుతుత్తం నీళ్ళలో ఉప్పు కలిపి గరుసు గుండా పోస్తూ నాలుగు రోజులు తగలేశాం. గరుసు రాగిని వదల్లేదు. గడువులో నాలుగు రోజులు పోయాయి. అయిదో రోజు ఆవిడ కాలేజీకి సెలవు చీటీ రాసిచ్చి, "అడిగింది చాలు, పోయి చూద్దాం" అన్నారు.

తెల్లవారి మొదటి బస్సుకు దిగి, ఆచారి పెరట్లో సాయంత్రం దాకా కూర్చున్నాం. కరిగించడం, పలక కొట్టడం, అతకడం అన్నీ చూశాం. అతికిన బిందె మంటకు నల్లగా మాడి ఉంటుంది. వీరాచారి ఆ బిందెను తీసుకుపోయి మూలన ఉన్న పెద్ద కాగులో ముంచాడు. కాగులో నీళ్ళు బురదగా ఉన్నాయి. కాసేపటికి పైకి తీస్తే బిందె పచ్చగా మెరిసింది. గ్రేసమ్మ గారు లేచి కాగు దగ్గరకు పోయి, వేలు ముంచి వాసన చూశారు.

"ఇదేంది ఆచారి గారూ?"

"చింతపండు నీళ్ళమ్మా. నలుపు పోవాల గదా. దీంట్లో ఊరబెట్టి, పైన మంచి నీళ్ళతో జాడిస్తాం."

"ఏమేం మందులు వాడతారని అడిగినాను గదయ్యా ఆ రోజు. ఒకటి గూడా వదలొద్దు అన్నాను."

వీరాచారి అయోమయంగా చూశాడు. "చింతపండు మందేందమ్మా. పులుసులో ఏసుకుంటాం గదా."

గ్రేసమ్మ గారు అక్కడే ఉన్న మొద్దు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. "ఈయన చెప్పలేదని కాదు. నేను పొద్దున చెంబు దేంతో తోముకుని వచ్చినాను? చింతపండుతోనే. నువ్వు?" అని నన్ను అడిగారు. నేనూ అంతే. ఊళ్ళో ప్రతి ఇల్లూ అంతే. రోజూ చేతికి అంటుకునేది గనకనే ఎవరికీ గుర్తుకు రాలేదు. నేను మాత్రం నవ్వలేకపోయాను. రెండో నారు నా కళ్ళ ముందే ఉంది.

ఆ రాత్రికే నెల్లూరు చేరి, మరునాడు మూడు గొట్టాలు నిలబెట్టాం. మూడింటిలోనూ ఒకే గరుసు, ఒకే రాగి. ఒకదానిలో ఉత్త మైలుతుత్తం నీళ్ళు, రెండోదానిలో ఉప్పు చేర్చినవి, మూడోదానిలో చింతపండు పులుసు కలిపినవి. మొదటి రెండూ తేటగా దిగాయి. మూడోది మందు వెయ్యగానే నీలం ముదిరిపోయింది. ఇనుము తీసేసి చూస్తే ఆ నీలం కింద రాగి కూడా ఉంది. లోహం పక్కన ఉండే ఋణ అయాన్ల సంగతి అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. మైలుతుత్తంలో రాగికి జంట సల్ఫేటు. అది మంచి జంట, గరుసు దగ్గరకు రాగానే రాగి చెయ్యి వదిలేసి పక్కన నిలబడుతుంది. చింతపండులోని టార్టరేటు అట్లాంటిది కాదు. రాగిని రెండు చేతులా కావలించుకుని గరుసు మీదుగా దాటించేస్తుంది, పోతూ పోతూ తుప్పును కూడా వెంటబెట్టుకుపోతుంది. మేము లాబులో పరీక్షించింది సల్ఫేటుతో వచ్చిన రాగిని. ఊళ్ళో కాలువలో పడింది టార్టరేటుతో వచ్చిన రాగి. ఆ తేడా ఖరీదు రెండో నారుమడి.

విరుగుడు కనిపెట్టడం తర్వాత సులువే అయింది. చింతపండు కాగు నీళ్ళు గుంటలో పడకూడదు. వాటిని వేరే తొట్టిలో పోసి, పాత మేకులు, అరిగిపోయిన ఎద్దు నాడాలు అందులో వేశాం. ఒక్క రోజులో ఇనుము మీద రాగి ఎర్రగా పేరుకుంది. వీరాచారి ఒక మేకు బయటికి తీసి, గోటితో గీకి చూసి, "మా రాగి మాకే తిరిగొచ్చిందే" అని తమ్ముళ్ళను పిలిచాడు. రాగి తీసేసిన ఆ పులుసును ఊరికి అవతల ఉత్త ఇసుకలో పోసెయ్యొచ్చు. జాడించిన నీళ్ళు మాత్రమే, మిగిలిన పులుపు విరగడానికి కాస్త సున్నం చల్లిన కొత్త గరుసు గుంటలోకి పోతాయి. గుంటలో పాత గరుసు అంతా తీసి కొత్తది నింపడానికి ఆచారి అన్నదమ్ములతో పాటు గ్రేసమ్మ గారు కూడా కొంగు బిగించి తట్ట ఎత్తారు. వద్దని చెప్పే దమ్ము ఎవరికుంది?

గడువు రోజు ఊరంతా ఆచారి పెరట్లో ఉంది. ప్రెసిడెంటు గారు మంచం మీద కూర్చున్నారు. మా నాయన పక్కన నిలబడి ఉన్నాడు. నేను ట్యూబులు సర్దుతున్నాను. గ్రేసమ్మ గారు నీళ్ళు చూపించక ముందే మాట్లాడారు.

"ముందు ఒకటి చెప్పాల. రెండోసారి నారు పోయినదానికి ఆచారి గారిది తప్పు గాదు. గుంట పనిచేస్తుందని మీకు మాట ఇచ్చినదాన్ని నేను. ఆ నీళ్ళలో ఏముండాదో పూర్తిగా కనుక్కోకుండానే ఇచ్చినాను. తప్పు నాది."

అంత చదువుకున్న మనిషి, పట్నం నుంచి వచ్చిన మనిషి, నలుగురి ముందు అట్లా చెప్పడం మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. ఆవిడ నా పేరు ఎత్తలేదు. ఎత్తబోరని నాకు అర్థమైంది. చిత్తుకాగితం సంగతి మా ఇద్దరికీ తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నా మోకాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ట్యూబు స్టాండు కింద పెట్టి నిలబడ్డాను.

"మేడం ఒక్కరే కాదు" అన్నాను. "విత్తనం నానబెట్టక ముందే గుంట నీళ్ళు నేను పరీక్ష చేశాను. తేడాగా నీలం వచ్చింది. మూడుసార్లు వచ్చింది. నేను చెప్పలేదు. బాగానే ఉందని అబద్ధం చెప్పినాను. నేను చెప్పుంటే మా నాయన రెండోసారి విత్తనం చల్లేవాడే గాదు."

నాయన నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. "సరే. ఇప్పుడు నీళ్ళు చూపించు" అన్నాడు.

గుంట కింద పట్టిన నీళ్ళలో మందు వేశాను. లేత పసుపు. రెండోసారి, మూడోసారి. లేత పసుపే. ట్యూబు నా చేతుల్లో నుంచి ప్రెసిడెంటు గారి చేతికి, అక్కడి నుంచి వీరాచారి చేతికి పోయింది. వీరాచారి దాన్ని ఎండకేసి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మా నాయన మాత్రం, "రంగు సంగతి నాకు తెలీదు. నారుకు తెలుస్తుంది" అన్నాడు. అప్పు తెచ్చిన విత్తనంతో తన అసలు నారు అప్పటికే ఇంకోచోట పోసుకున్నాడు. గుంట నీళ్ళకింద చాపంత మడి కట్టి గుప్పెడు మొలక చల్లుతానని, అది లేస్తే ఆచారి ఉంటాడని, లేకపోతే లేదని చెప్పాడు. పంచాయతీ సరేనంది.

ఆ తర్వాత మూడు వారాలు నేను ఇంటికి పోలేదు. ఉత్తరమూ రాలేదు. గ్రేసమ్మ గారు మామూలుగానే క్లాసులు తీసుకున్నారు, మామూలుగానే నన్ను తిట్టారు. అయితే రోజూ మధ్యాహ్నం తపాలా బంట్రోతు సైకిలు బెల్లు వినపడినప్పుడల్లా ఆవిడ చేతిలో పని ఒక క్షణం ఆగేది.

ఒక మంగళవారం ప్రాక్టికల్ నడుస్తోంది. ఇరవై మంది అమ్మాయిలు బల్లల దగ్గర ఉన్నారు. గుమ్మంలో మా నాయన. అంతకు ముందు ఎప్పుడూ కాలేజీ గడప తొక్కని మనిషి. మోకాళ్ళదాకా పంచె, చేతిలో తడి గుడ్డలో చుట్టిన నారు కట్ట. లోపలికి రావాలా వద్దా అని తచ్చాడుతుంటే గ్రేసమ్మ గారే ఎదురుపోయి పిలుచుకొచ్చారు. ఆయన కట్ట విప్పి, ఆసిడ్ సీసాల పక్కన బల్ల మీద పెట్టాడు. కళ్ళు చెదిరేంత పచ్చగా ఉంది. వేళ్ళు తెల్లగా, నిటారుగా ఉన్నాయి.

"నారు లేచింది టీచరమ్మా" అన్నాడు.

ఆవిడ ఒక పోచ తీసుకుని వేలి కొసలతో వేరు దాకా తడిమి చూశారు. ఎప్పుడూ గది దద్దరిల్లేలా నవ్వే మనిషి, ఆ రోజు చప్పుడు లేకుండా నవ్వారు. "మనిషిని పంపినా సరిపోయేది గదండీ. ఇంత దూరం మీరే రావాలా" అన్నారు.

"రావాల్నమ్మా. ఆచారి ఇళ్ళు లేపెయ్యమని పంచాయతీలో అందరికంటే గట్టిగా అరిచినోణ్ణి నేనే. ఉండమని ఊరికే కబురు చేస్తే సరిపోతుందిలే అనుకున్నా. మనసొప్పలా." నాయన నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "మా పిల్ల నిలబడి చెప్పింది గదా అందరి ముందర. నిన్న నేను గూడా ఆచారి వాకిట్లో నిలబడి చెప్పొచ్చినా, నాదే తప్పని."

ఇరవై మంది అమ్మాయిలూ చేతిలో ట్యూబులు అట్లాగే పట్టుకుని చూస్తున్నారు. గ్రేసమ్మ గారు తన స్టూలు లాగి మా నాయనకు వేశారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఈ పని గురించి ఏ పత్రికలోనూ రాయలేదు, ఎవరి చేతా దండ వేయించుకోలేదు. కంచరి వీధి మాత్రం నాలుగు ఇళ్ళ నుంచి ఏడు ఇళ్ళయింది. నేను ముప్పై ఏళ్ళకు పైగా కెమిస్ట్రీ చెప్పాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న సమీకరణాల్లో సగం మరిచిపోయాను. పొరపాటు పాఠం చెప్పిన రోజులు కొన్ని ఉన్నాయి. ప్రతిసారీ మరునాడు క్లాసులో నిలబడి, నిన్న నేను చెప్పింది తప్పు అన్నాను. ప్రతిసారీ ఆచారి పెరట్లో వణికినట్టే మోకాళ్ళు వణికాయి. ఇన్నేళ్ళలో ఆ వణుకు తగ్గలేదు. చెప్పడమూ మానలేదు.